‘బహిరంగంలో’నా, ‘బహిరంగంగా’నా?

తంగేడు:
ఒక వాక్యం చాలాకాలంగా వేధిస్తోంది. పదిహేనేళ్ల కిందట ఒక మిత్రుడు నా నోటుపుస్తకం వెనక అట్ట మీద పెన్సిలుతో రాసిచ్చాడు: ‘న్యాయమంటే ప్రేమ బహిరంగం— కనిపించే తీరు’. మధ్యలో ఒక్క అక్షరం వానకు తడిసి చెరిగిపోయింది. పైన చిన్న వంపు మాత్రం మిగిలింది. కింద ‘కార్నెల్ వెస్ట్’ అని ఉంది, ఆ అమెరికా తత్వవేత్త పేరే. ఆ అక్షరం ‘లో’నా, ‘గా’నా? దీనికి రెండో సగం కూడా ఉన్నట్టు గుర్తు. ఆయన మేట్రిక్స్ సినిమాలో అన్న మాటేనా ఇది?

పాతపుస్తకం:
సినిమాలోది కాదండీ. 2003లో వచ్చిన రెండు, మూడు భాగాల్లో ఆయన జయాన్ అనే నగరపు సభలో సభ్యుడు. పాత్ర పేరు కూడా వెస్టే. అక్కడ సేనాధిపతితో ఆయన అనేది వేరే మాట, సహకరించడానికి అర్థం కావడం తప్పనిసరి కాదని. మీ వాక్యం ఆయన ఉపన్యాసాల్లో పదేపదే చెప్పేది. రెండో సగంలో ఏకాంతాన ప్రేమ ఆర్ద్రతగా తగులుతుందంటారు. మొదటి సగం కంటికి, రెండోది మనసుకు. ‘ఏకాంతంలో’కు జత ‘బహిరంగంలో’ కాక మరేమవుతుంది?

సంధిప్రియ:
జత కుదిరినంత మాత్రాన నుడికారం కుదరదు. ‘బహిరంగ సభ’ అంటాం, ‘బహిరంగంగా చెప్పాడు’ అంటాం. ‘బహిరంగంలో నిలబడ్డాడు’ అని ఎవరంటారు? చెరిగింది ‘గా’యే.

మొగలిరేకు:
బహిరంగంగా కనిపించే ప్రేమ అనగానే పార్కు బెంచీ మీద జంట గుర్తొస్తుంది. ‘గా’ పెడితే అది ప్రేమ ప్రదర్శన, ‘లో’ పెడితే ప్రేమ తిరిగే చోటు. ఒక్క అక్షరంతో అర్థం తలకిందులైంది చూడండి. ‘నలుగురిలో’ అనుకుంటే ఈ పేచీ ఉండదు.

పాతపుస్తకం:
మొగలిరేకు గారూ, ‘నలుగురు’ దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది. ‘నలుగురూ ఏమనుకుంటారు’, ‘నలుగురూ నవ్వుతారు’ అంటూ పెరిగాం. తెలుగులో నలుగురు మనల్ని తూచేవాళ్లు. వెస్ట్ చెప్పే జనం మనం న్యాయం బాకీపడ్డ వాళ్లు. ఆయన తాతగారు అమెరికాలోని టల్సాలో బాప్టిస్టు చర్చి బోధకుడు. ఆ వేదిక మీంచి ప్రేమ అన్నప్పుడు ఎదురుగా కూర్చున్న సమస్త జనమూ అందులోకి వస్తారు. ‘జనంలో’ అంటే నాకు సమ్మతమే.

సంధిప్రియ:
అలాగైతే ‘న్యాయం’ కూడా ఇరుకే. ఆ మాట వినగానే కోర్టు మెట్లు కనిపిస్తాయి. ‘ధర్మం’ అనవచ్చు కదా?

మొగలిరేకు:
అస్సలు వద్దు. ‘ధర్మం చేయండి బాబూ’ అని గుడి మెట్ల దగ్గర వినేది కూడా ధర్మమే. ప్రేమ జనంలోకి వచ్చి దానంగా మారిపోకూడదన్నదే ఆయన పట్టు. ‘ఇదేం న్యాయం?’ అని సంతలో కూరగాయలమ్మే ఆమె కూడా నిలదీస్తుంది. ఆ మాటకు కోర్టుతో పని లేదు.

పాతపుస్తకం:
ఈ మాట నాకు చాలా నచ్చింది. ఆయన 1993 నాటి పుస్తకం ‘రేస్ మాటర్స్’ పేరునే తీసుకోండి. ‘మాటర్స్’ను నామవాచకంగా చదివితే జాతి సంగతులు, క్రియగా చదివితే జాతిని పట్టించుకు తీరాలన్న మాట. ఆ శ్లేష తెలుగులోకి రాదు. ఆయన జనం చెవినే నమ్ముకున్నారు. 2001లో పాటల ఆల్బం తెచ్చారు. దానిపై తాను పాఠాలు చెప్పే హార్వర్డ్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడితో రేగిన వివాదం పెరిగి, 2002లో ప్రిన్స్‌టన్‌కు వెళ్లిపోయారు. మేధోజీవితంలో తాను బ్లూస్ (నల్లజాతి వేదనల పాటలు) గాయకుడినని చెప్పుకొనే మనిషికి అనువాదం కూడా పాడుకొనేలా ఉండాలి.

తంగేడు:
అయితే గురజాడ ఛందస్సు ముత్యాలసరంలో ప్రయత్నిస్తాను.
‘ప్రేమ బయటికి వచ్చినప్పుడు
పేరు మారును, న్యాయమందురు’
‘లో’, ‘గా’ రెండూ తప్పాయి.

సంధిప్రియ:
3, 4, 3, 4 మాత్రలు సరిపోయాయి. కానీ పేరు మారడం వేరు, రూపం కనిపించడం వేరు. ప్రేమకూ న్యాయానికీ అసలు నడక చూపినవాడు గురజాడ. ‘కాసులు’లో ‘ప్రేమ నిచ్చిన ప్రేమ వచ్చును, ప్రేమ నిలిపిన ప్రేమ నిలుచును’ అన్నాడు. రెండు చరణాల్లోనూ నాలుగో మాత్ర దగ్గర ‘ని’ వినిపిస్తుంది. మొదటి ‘ని’లోని ‘న్’ ద్రుతం, అంటే ‘ప్రేమ’ చివర చేరిన విభక్తి నకారం, ‘ప్రేమన్ ఇచ్చిన’. రెండోది ‘నిలుపు’ ధాతువులోనిదే. చెవికి ఒకటే అక్షరం, పుట్టుక వేరు. ఇరవై ఏళ్లుగా ఈ రెండు చరణాలు పైకి చదివినప్పుడల్లా అక్కడ ఆగుతాను.

మొగలిరేకు:
రెండో చరణంలో కూడా ద్రుతం ఉండి లోపించిందని ఎందుకనుకోకూడదు? ‘ప్రేమను నిలిపిన’ అనే కదా అర్థం!

సంధిప్రియ:
అర్థంలో ద్వితీయా విభక్తే, ‘ను’యే. కానీ అక్కడ విభక్తి పలకనవసరం లేదు. ‘అన్నం తిన్నాను’ అన్నట్టే.

పాతపుస్తకం:
అలాగైతే మొదటి చరణంలో మాత్రం ఎందుకు పలికింది? పాత ముద్రణ ఉన్నవాళ్లు ఒకసారి తీసి చూడండి, ‘ప్రేమ’కూ ‘నిచ్చిన’కూ మధ్య ఖాళీ ఉందా, కలిపి అచ్చువేశారా?