తల్లీకూతుళ్లను ఒకే మీటింగులో కూర్చోబెట్టడం మంచిదేనా?

కొండేపి పిల్ల:
మా ఊళ్లో డ్వాక్రా గ్రూపులకు కొత్తగా ఒకటి పెట్టారు. 11 నుంచి 18 ఏళ్ల ఆడపిల్లలున్న తల్లులు నెలకోసారి కూతుర్ని వెంటబెట్టుకుని అంగన్‌వాడీకి రావాలట. ఏఎన్ఎం కూడా వస్తుంది, తల్లీకూతుళ్లు మనసు విప్పి మాట్లాడుకోవాలట. రాకపోతే 20 రూపాయలు జరిమానా. మా అక్క కూతురు టెన్త్. తెల్లారి లేస్తే ఇద్దరికీ గొడవే. అయినా అక్క "నా కూతురితో నేను మాట్లాడుకోవడానికి ఊరంతా ఎందుకు" అంటోంది. మీరేమంటారు?

వేపచెట్టు:
కచ్చితంగా వెళ్లమనండి. నలుగురు ఆడవాళ్లు ఒకచోట కూర్చుంటే ఏమవుతుందో నెల్లూరు జిల్లా దూబగుంటలో చూశాం కదా. అక్షర దీపం రాత్రి బడికి వచ్చినవాళ్లు అక్షరాలతో ఆగలేదు, సారా కొట్ల మీదికి వెళ్లారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా బందైంది. ఎవరింట్లో వాళ్లు ఏడ్చుకున్నన్నాళ్లు ఏమీ కాలేదు. తల్లీకూతుళ్ల సంగతీ అంతే. మా గ్రూపుకు లీడర్‌గా చేసినదాన్ని, చూసిందే చెప్తున్నా.

కందిపప్పు:
జరిమానా ఎందుకండీ? పొదుపు మీటింగుకు రాకపోతే వేశారంటే అర్థముంది. దీనికి ఏ రూలు?

వేపచెట్టు:
జరిమానా లేకపోతే ఒక్కరూ రారు.

కందిపప్పు:
రాలేదంటే అక్కర్లేదనేగా!

హాస్టల్ పిల్ల:
నేను ఇంటర్‌లో ఉండగా మా ఊళ్లోనూ ఇలాంటిదే పెట్టారు. మొదటిసారి నెలసరి గురించి చెప్పారు, బాగానే ఉంది. రెండోసారి "మీ పిల్లల గురించి మీకున్న భయాలు చెప్పండి" అన్నారు. మా అమ్మ అమాయకంగా, నేను రాత్రిళ్లు ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నానని చెప్పేసింది. నేను ఆమె పక్కనే చాప మీద ఉన్నా. తలెత్తితే మా పెద్దమ్మ తోడికోడలు నన్నే చూస్తోంది. మాట్లాడింది క్లాస్‌మేట్‌తో, బోటనీ రికార్డు గురించి. వారం తిరక్కుండా నాన్న చెవిన పడింది. కాలేజీ మానిపించారు. మా మేనమామ ఇంటికొచ్చి గొడవపడితే గానీ మళ్లీ చేర్పించలేదు, అదీ హాస్టల్లో. అప్పటి నుంచి అమ్మకు ఏదీ చెప్పను.

వేపచెట్టు:
అది నడిపినవాళ్ల తప్పు. మీకొక్కరికి అలా అయిందని మొత్తం దండగంటే ఎలా? మా అమ్మాయి బెంగళూరులో ఉంటుంది. ఫోన్ చేస్తే "తిన్నావా?" "తిన్నా." "జలుబు తగ్గిందా?" "తగ్గింది." అంతే, పెట్టేస్తుంది. మాకూ ఆ రోజుల్లో ఇలాంటిది ఉంటే ఇంత దూరం వచ్చేదా?

రిటైర్డ్ మాస్టారు:
ఇదేమంత కొత్త కాదు. 2010లో ఆడపిల్లల కోసం కేంద్రం సబల పథకం తెచ్చినప్పుడు, అది అమలైన జిల్లాల్లో 15 నుంచి 25 మంది అమ్మాయిలతో కిశోరి సమూహాలు పెట్టారు. వాళ్లలోంచే ఒకర్ని సఖిగా, అంటే లీడర్‌గా, ఆమెకు సాయంగా ఇద్దర్ని సహేలీలుగా ఎంచుకునేవాళ్లు. అక్కడ పిల్లలతో మాట్లాడేది పిల్లలే. తర్వాత ఆ పథకాన్ని బడి మానేసిన 11–14 ఏళ్లవాళ్లకు కుదించారు, అది వేరే కథ. బడిలో చూశాను కదా, అమ్మ పక్కనుంటే నోరు విప్పే పిల్ల నూటికి ఒకరు.

కందిపప్పు:
జరిమానా సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు.

హాస్టల్ పిల్ల:
వేపచెట్టు గారూ, దూబగుంట ఆడవాళ్లు తిరగబడింది సారా అమ్మేవాళ్ల మీద. ఇక్కడ తల్లులందరూ ఏకమయ్యేది ఎవరి మీదికి? కూతురి మీదికేగా. పైగా లోను పేపర్ల మీద సంతకం పెట్టే లీడర్ ఎదురుగా కూర్చుని ఉంటే, "నా కూతురిదే కరెక్టు" అని ఏ తల్లి అంటుందండీ?

వేపచెట్టు:
తల్లులంటే మీకు పోలీసుల్లా కనిపిస్తున్నామా? పిల్ల ఏం చేసినా "పెంపకం అలాంటిది" అని ఊరు మా మొహం మీదే అంటుంది. తండ్రిని ఒక్కరూ అడగరు. మా అమ్మాయి మాకు చెప్పకుండా పెళ్లి చేసుకుంటే మా ఆయన ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. నాతో! నేనేం చేశాను? ఆ ఆరు నెలలు నా బాధ వినడానికి ఒక మనిషి లేదు. ఆ చోటు కావాలంటున్నా.

హాస్టల్ పిల్ల:
అయితే ఆ చోటు కావాల్సింది మీకు. పెట్టుకోండి, నేనూ సరేనంటాను. మీ భయాలు చెప్పుకునే చోట నన్నెందుకు చాప మీద కూర్చోబెడతారు?

వేపచెట్టు:
విడివిడిగా కూర్చుంటే ఇంక కలిసేదెప్పుడమ్మా? ఇప్పుడు ఇళ్లలో జరుగుతున్నదీ అదేగా.

గుంటూరు కోడలు:
నాన్నల్ని పిలవరేం?

కందిపప్పు:
పిలిస్తే వస్తారా అక్కా. వాళ్లకు వేయండి జరిమానా.

కొండేపి పిల్ల:
అక్కకు ఇదంతా చదివి వినిపించా. ముందు తల్లులు విడిగా, పిల్లలు ఏఎన్ఎంతో విడిగా, ఇష్టమున్నవాళ్లు ఆఖర్లో కలిసి కూర్చునేట్టయితే వెళ్తానంది. కూతురేమో "అమ్మ నా ఫోన్ లాక్ అడగనంటే వస్తా" అంటోంది. ఆ మాట మీద మళ్లీ గొడవ.

రిటైర్డ్ మాస్టారు:
విడిగా అంటే, మీ అంగన్‌వాడీకి రెండో గది ఉందా అమ్మా?

కొండేపి పిల్ల:
లేదండీ. ఉన్న ఒక్క గదిలో సగం కోడిగుడ్ల ట్రేలు, బాలామృతం ప్యాకెట్లు. పక్కనే పంచాయతీ హాలుంది గానీ, తాళం సర్పంచ్ గారి భర్త దగ్గర ఉంటుంది. రేపు వెళ్లి అడుగుతాం.