మా పెరట్లోని ఈ తుమ్మెదలు ఏ జాతివి?

అందరికీ నమస్కారం. మాది కడప. పెరట్లో రెండు సొరపాదులు, నాలుగు వంగ మొక్కలు, ఒక మునగ చెట్టు ఉన్నాయి. నెల రోజులుగా పొద్దున్నే పెద్ద పెద్ద తుమ్మెదలు వస్తున్నాయి. ఒక రకం ఒళ్లంతా నలుపు, ఎండ పడితే రెక్కలు నీలంగా మెరుస్తాయి. ఇంకో రకానికి వీపు మీద పసుపు నూగు, పొట్ట మాత్రం నలుపే. ఇవి వేర్వేరు జాతులా, లేక ఆడ మగ తేడానా?

మా అబ్బాయి ఫోటో చూసి బంబుల్ బీ అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. మన దేశంలో బంబుల్ బీలు ఎక్కువగా హిమాలయాల వైపు, చల్లటి చోట్ల ఉంటాయి. వాటికి పొట్ట మీద కూడా దట్టంగా నూగు ఉంటుంది. వీటి పొట్ట నూనె రాసినట్టు నున్నగా ఉంది. పైగా పందిరి గుంజకు చిటికెన వేలు పట్టేంత గుండ్రటి రంధ్రం, కింద చెక్కపొడి! చెక్క తొలిచే తుమ్మెదలే, అంటే జైలోకోపా అనుకుంటున్నాను.

నిన్న దగ్గర కూర్చొని చూశాను. వంగపువ్వును కాళ్లతో గట్టిగా పట్టుకొని జుమ్మని వణికించింది, పుప్పొడి దాని పొట్ట మీద రాలింది. ఎంత ముచ్చటేసిందో! ఈసారి కాపు బాగుండటం వీటి చలవే అని నా నమ్మకం.

మా అత్తమ్మ మాత్రం పిల్లలను కుడతాయని టెన్షన్ పడి, రంధ్రంలో కిరోసిన్ పోయమంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. మగవాటికి కొండి ఉండదని, ఆడవి పట్టుకుంటే తప్ప కుట్టవని చెప్పి ఆపాను.

జాతి గుర్తుపట్టాలంటే ఫోటోలో ఏ భాగం కనబడాలి? రెక్కలా, ముఖమా, కాళ్లా? గుంజ పాడవకుండా వాటికి వేరే ఎండు వెదురు బొంగులు కడితే అందులోకి మారతాయా? పెంచిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.