ఓడిపోయిన మ్యాచ్‌లే ఎందుకు ఎక్కువ గుర్తుంటాయి?

ప్రశ్న – తూర్పు గ్యాలరీ

2009 నవంబరు 5న ఉప్పల్ స్టేడియంలో ఆస్ట్రేలియాతో జరిగిన వన్డేను గ్యాలరీలో కూర్చుని చూసినవారిలో నేనొకడిని. ఆస్ట్రేలియా 350 పరుగులు చేయడంతో, ఇక ఇది మన చేతిలో లేదని నా చుట్టూ ఉన్నవారిలో చాలామంది విరామంలోనే తేల్చేశారు. ఆ తరువాత సచిన్ టెండూల్కర్ 141 బంతుల్లో 175 పరుగులు చేశాడు. వన్డేల్లో 17 వేల పరుగులు కూడా ఆ ఇన్నింగ్స్‌లోనే పూర్తయ్యాయి. 17 బంతుల్లో 19 పరుగులు కావలసిన దశలో అతడు బంతిని షార్ట్ ఫైన్ లెగ్ మీదుగా లేపబోయి క్యాచ్ ఇచ్చాడు. మనవాళ్ళు 347 దగ్గర ఆలౌటై, మూడు పరుగుల తేడాతో ఓడిపోయారు.

నా సందేహమేమిటంటే, దానికి పదేళ్ళ ముందు, 1999 నవంబరు 8న, ఇదే నగరంలోని లాల్ బహదూర్ స్టేడియంలో న్యూజిలాండ్ మీద సచిన్ 186 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు, ద్రావిడ్ 153 చేశాడు, ఇద్దరూ కలిసి 331 పరుగులు జోడించి అప్పటికి వన్డేల్లో ప్రపంచ రికార్డు నెలకొల్పారు, పైగా మనం 174 పరుగుల తేడాతో గెలిచాం. అయినా నలుగురు క్రికెట్ అభిమానులు కూర్చుంటే ముందుగా వచ్చేది ఆ 175 ప్రస్తావనే. గెలుపు కన్నా ఓటమికి ఇంత పట్టు ఎక్కడినుంచి వస్తుంది? ఇది సచిన్ ఒక్కడి విషయమేనా, లేక ఇతర ఆటల అభిమానులకూ ఇలాగే ఉంటుందా? పెద్దలు తమ అభిప్రాయాలు తెలియజేయగలరు.

సమాధానం – మద్రాసు తెలుగు

గెలిచిన రోజున కథ అక్కడితో ముగుస్తుంది. ఓడిన రోజున మాత్రం ఆ షాట్ ఆడకపోతే ఏమయ్యేదని ప్రతివారూ మనసులో ఆ మ్యాచ్‌ను మళ్ళీ మళ్ళీ ఆడుకుంటూనే ఉంటారు. 1999 జనవరి 31న మద్రాసు చేపాక్ స్టేడియంలో పాకిస్తాన్‌తో ముగిసిన టెస్టు ఇందుకు మంచి ఉదాహరణ. లక్ష్యం 271. వెన్ను నొప్పితో బాధపడుతూనే సచిన్ 136 చేసి, గెలుపుకు 17 పరుగుల దూరంలో సక్లయిన్ ముష్తాక్ బౌలింగ్‌లో అవుటయ్యాడు. మిగిలిన మూడు వికెట్లు నాలుగు పరుగులకే పడిపోయాయి. తేడా 12 పరుగులు.

అయితే ఆ మ్యాచ్ ఇంతకాలం నిలవడానికి ఓటమి ఒక్కటే కారణం కాదని నా నమ్మకం. చేపాక్ ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొడుతుండగా పాకిస్తాన్ కెప్టెన్ వసీం అక్రమ్ జట్టు మైదానం చుట్టూ తిరిగి అభివాదం చేసింది. మద్రాసువారు ఇప్పటికీ ముందుగా చెప్పుకునేది ఆ చప్పట్ల గురించే. అది దేశమంతటా ఉన్న అలవాటని కూడా అనుకోనక్కరలేదు. మరుసటి నెలలోనే కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో, అదే పాకిస్తాన్ మీద, షోయబ్ అక్తర్‌ను ఢీకొని సచిన్ రనౌటైన తరువాత గొడవలు చెలరేగి, చివరకు గ్యాలరీలు ఖాళీ చేయించి మ్యాచ్ ముగించవలసి వచ్చింది. ఓటమిని ఒక నగరం ఎలా స్వీకరించిందన్నదే దాని జ్ఞాపకాన్ని నిర్ణయిస్తుంది.

సమాధానం – షటిల్ అభిమాని

పై ఇద్దరితోనూ నేను ఏకీభవించలేకపోతున్నాను. గుర్తుండేది ఓటమి కాదు, చివరిదాకా తేలని పోటీ. 2017 ఆగస్టులో గ్లాస్గోలో జరిగిన ప్రపంచ బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్ ఫైనల్‌లో పి.వి. సింధు, జపాన్ క్రీడాకారిణి నొజోమి ఒకుహరా 110 నిమిషాలు ఆడారు. 19-21, 22-20, 20-22 – ఈ అంకెలు చూస్తేనే ఊపిరి బిగపట్టాలనిపిస్తుంది. రెండో గేమ్ చివరి పాయింటుకు 73 షాట్ల ర్యాలీ నడిచింది. అది ముగిసేసరికి ఇద్దరికీ నిలబడే ఓపిక కూడా మిగిలినట్టు కనిపించలేదు. రెండేళ్ళ తరువాత బాసెల్‌లో అదే ఒకుహరాను 21-7, 21-7తో 38 నిమిషాల్లో ఓడించి సింధు స్వర్ణం గెలిచింది. చరిత్రలో ఆ స్వర్ణమే పెద్దది, అందులో వాదన లేదు. కానీ మా బ్యాడ్మింటన్ బృందంలో చర్చ ఎప్పుడూ గ్లాస్గో గురించే.

ఓటమికే అంత శక్తి ఉంటే 2018 నాన్‌జింగ్ ఫైనల్ కూడా గుర్తుండాలి కదా? అక్కడ సింధు కరోలినా మారిన్ చేతిలో 19-21, 10-21తో ఓడింది. ఆ మ్యాచ్ ఊసెత్తేవారే లేరు. మరోవైపు 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో మన లక్ష్మణ్ చేసిన 281 గెలుపే అయినా ఎవరూ మరిచిపోలేదు. ఫాలో ఆన్ (మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనుకబడి, వెంటనే మళ్ళీ బ్యాటింగ్‌కు దిగడం) ఆడుతున్న జట్టు తరఫున అతడూ ద్రావిడూ నాలుగో రోజంతా ఒక్క వికెట్టూ పడకుండా ఆడారు. వరుసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా మీద అయిదో రోజు చివరి సెషన్‌లో గాని ఫలితం తేలలేదు. ప్రశ్న అడిగినవారి న్యూజిలాండ్ మ్యాచ్ ఏకపక్షంగా సాగింది, అందుకే అది రికార్డు పుస్తకాల్లోకి వెళ్ళిపోయింది.

సమాధానం – సికింద్రాబాదీ

హోరాహోరీ పోటీ అయితే చాలు గుర్తుంటుందన్న మాట కూడా పూర్తిగా నిలవదండీ. 1960 రోమ్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారత జట్టు హంగరీ చేతిలో 2-1తో ఓడింది. ఆ ఒక్క గోలు చేసినవాడు మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం. శిక్షణ ఇచ్చినవారు హైదరాబాదీ అయిన సయ్యద్ అబ్దుల్ రహీం. హంగరీ అప్పట్లో సామాన్యమైన జట్టు కాదు. ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలుచుకుంది. హోరాహోరీ పోటీ, ఒలింపిక్స్ వేదిక, మన ఊరివాడి గోలు, మూడూ అందులో ఉన్నాయి. అయినా ఈ చర్చలో ఇంతవరకు ఎవరికీ గుర్తు రాలేదు.

కారణం మీరంతా చెప్పిన మ్యాచ్‌లలోనే ఉంది. ఉప్పల్, చేపాక్, గ్లాస్గో, ఈడెన్ – అన్నీ టీవీలో వచ్చినవే, మళ్ళీ మళ్ళీ చూపించినవే. రోమ్ మ్యాచ్‌ను ఇక్కడివారు మరునాటి పేపరులో చదువుకున్నారు, అంతే. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు ఫుట్‌బాల్ పోటీ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గతీ ఇదే. ఆ విజయాలు ఈ నగరంలో ఇప్పటి యువకులకు తెలియవంటే తప్పు వారిది కాదు. చూసినవారు చెప్పలేదు, చెప్పినా ఎవరూ రాసిపెట్టలేదు. కనుక మీ ఇళ్ళలో ఫతే మైదాన్‌లో (ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం) ఫుట్‌బాల్ చూసిన తాతయ్యలు ఎవరైనా ఉంటే, వారు చెప్పే సంగతులు ఇక్కడ రాయవలసిందిగా కోరుతున్నాను. గెలిచిన మ్యాచ్ అయినా సరే, ఓడినదైనా సరే.