ఎర్ర డ్రాగన్ తోట: పూత ఉంది, కాయ కట్టట్లేదు

తాడిపత్రి తోట:
అన్నా, మాది ఎర్ర కండ డ్రాగన్ ఫ్రూట్, పూత విపరీతంగా వస్తాంది కానీ వారం తిరక్కముందే పసుపెక్కి రాలిపోతాంది, బోరాన్ కొట్టినాము, నీళ్లు తగ్గించి చూసినాము, ఏం మార్పు లేదు. పక్క చేన్లో తెల్ల రకం ఏమీ చేయకుండానే కాస్తాంది. మా మొక్కలన్నీ ఒకే చెట్టు నుంచి కోసిన ముక్కలు, మంచి కాపు చెట్టని తెచ్చినాం. మందు లోపమా?

కర్నూలు బాటనీ:
మందు కాదన్నా, ఆ ఒకే చెట్టు ముక్కల దగ్గరే ఉంది అసలు సంగతి. ఎర్ర రకాలు చాలావాటికి సొంత పుప్పొడి పనికిరాదు, దీన్నే సెల్ఫ్ ఇన్‌కంపాటిబిలిటీ అంటారు. ముక్కలతో పెంచిన తోటంతా జన్యువుల లెక్కలో ఒకటే చెట్టు, తేనెటీగ ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి మోసినా అది సొంత పుప్పొడే. పొగాకు జాతి మొక్కల్లో ఈ లెక్క 1925లో ఈస్ట్, మాంగెల్స్‌డార్ఫ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తేల్చినారు: ఈ అడ్డును నడిపే ఎస్ అనే జన్యువుకు చాలా రూపాలుంటాయి, పుప్పొడిలో ఉన్న రూపం కీలంలోని (పువ్వు ఆడ భాగపు కాడలోని) రెండు రూపాల్లో ఒకదానితో సరిపోయిందా, పుప్పొడి నుంచి కిందికి పెరిగే నాళం దార్లోనే ఆగిపోతాది. అట్లా ఆపేది కీలంలో తయారయ్యే, ఆర్‌ఎన్ఏను నరికే ఎంజైమ్ అని తర్వాత తెలిసింది. మన నంద్యాల వైపు వేసే పొద్దుతిరుగుడు కుటుంబంలో పద్ధతి వేరు, అక్కడ కీలాగ్రం, అంటే కీలం కొస మీదే అడ్డుకుంటుంది.

కడప సీతాఫలం:
మా కొండ సీతాఫలాల్లో కూడా పూత ఎక్కువ, కాయ తక్కువ, ఇదీ అదేనా సార్?

కర్నూలు బాటనీ:
కాదమ్మా, అక్కడ అడ్డు టైమింగ్‌ది. సీతాఫలం పువ్వులో ముందు ఆడ భాగం సిద్ధమవుతుంది, పుప్పొడి రాలేసరికి దాని టైం అయిపోతుంది. అదే చెట్టు మీది ఇంకో పువ్వు పుప్పొడి అందిస్తే కాయ కడుతుంది, మోసేవి చిన్న పెంకు పురుగులు.

తాడిపత్రి తోట:
మరి ఈ సీజన్‌కు నేనేం చేయాల?

ధర్మవరం డ్రాగన్:
తమ్ముడూ, పువ్వు రాత్రే విచ్చుకుంటాది, తెల్లారి ఎండ ముదిరేలోపు వాడిపోతాది, కాబట్టి పని రాత్రే పెట్టుకో. పక్క చేను వాళ్లనడిగి తెల్ల పువ్వుల పుప్పొడి గిన్నెలోకి దులుపుకొని మెత్తని బ్రష్‌తో నీ పువ్వుల కీలాగ్రానికి బాగా అద్దు. ముందు అనుమానం తీర్చుకోవాలంటే సాయంత్రం కొన్ని మొగ్గలకు కాగితం సంచి కట్టు, రాత్రి విప్పి సగానికి సొంత పుప్పొడి, సగానికి తెల్లదాని పుప్పొడి పెట్టి మళ్లీ కట్టేయ్, ఏవి రాలినాయో ఏవి నిలిచినాయో నీకే తెలుస్తాది. ఎర్రవన్నీ ఇట్లే ఉండవు, సొంతంగా కాసేవీ ఉన్నాయి. వచ్చే ఏడాదికి మాత్రం వరసల మధ్యలో వేరే రకం కలుపు, నీ దగ్గరున్న చెట్టు ముక్కలే మళ్లీ పెట్టొద్దు.