ఎయిర్‌వర్దినెస్ ఇన్‌స్పెక్టర్ కావడానికి ఏఎంఈ (విమాన మరమ్మతు ఇంజినీరు) లైసెన్సు, హ్యాంగర్ (విమానాలను నిలిపి మరమ్మతు చేసే షెడ్డు) అనుభవం తప్పనిసరి చేయాలా?

శంషాబాద్_బీ1 (చర్చ ప్రారంభించినవారు)

నేను శంషాబాద్‌లోని ఒక విమాన మరమ్మతు సంస్థలో బీ1.1 (టర్బైన్ ఇంజిన్ విమానాలకు సంబంధించిన) లైసెన్సు ఉన్న ఇంజినీరుగా పనిచేస్తున్నాను. పని పూర్తయిన విమానం తిరిగి సర్వీసులోకి వెళ్లవచ్చని ధ్రువీకరించే పత్రం, అంటే సీఆర్‌ఎస్ మీద సంతకం చేసే అధికారం నాకుంది. ఇక్కడి నుంచి, దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏలో, విమానాలు ఎగరడానికి తగిన స్థితిలో ఉన్నాయో లేదో చూసే ఎయిర్‌వర్దినెస్ ఆఫీసర్‌గా వెళ్లాలన్నది నా కోరిక. ఆ ఉద్యోగాలను యూపీఎస్సీ భర్తీ చేస్తుంది. ఇంజినీరింగ్ పట్టభద్రులు కూడా వాటికి అర్హులే. మెయింటెనెన్స్ సంస్థలను తనిఖీ చేసే అధికారికి లైసెన్సునూ, స్వయంగా సంతకం చేసిన అనుభవాన్నీ తప్పనిసరి చేయాలన్నది నా వాదన. దీని మీద మీ అభిప్రాయాలు కోరుతున్నాను.

ఈ దారి ఎంత దూరమో తెలియనివారి కోసం కొంచెం వివరిస్తాను. ఇంటర్‌లో ఎంపీసీ చదివి, సీఏఆర్-147 (శిక్షణ సంస్థలకు డీజీసీఏ పెట్టిన నిబంధన) ఆమోదం ఉన్న సంస్థలో శిక్షణ పూర్తిచేసి, మాడ్యూళ్ల పరీక్షలన్నీ గట్టెక్కి, నిజమైన విమానాల మీద చేసిన పనిని లాగ్‌బుక్‌లో రాసుకుంటూ అనుభవం చూపిస్తేనే సీఏఆర్-66 నిబంధన కింద ఇచ్చే ఏఎంఈ లైసెన్సు చేతికొస్తుంది. ఆ తర్వాత టైప్ రేటింగ్, అంటే ఫలానా రకం విమానం మీద పనిచేసే అర్హత, ఉంటుంది. అదీ వచ్చాక, మనం పనిచేసే సంస్థ పరీక్షించి అధికారం ఇస్తే తప్ప సంతకం చేయడం కుదరదు. ఇన్ని వడపోతలు దాటినవాడి పనిని, ఒక్క సంతకమూ చేయని వ్యక్తి ఎలా తూకం వేస్తాడన్నదే నా ప్రశ్న.

ఒక ఉదాహరణ చెబుతాను. టాస్క్ కార్డులో, అంటే చేయాల్సిన పని రాసి ఉండే పత్రంలో, ఇరవై అంచెలుంటే, వాటన్నిటికీ ఒకే పెన్నుతో, ఒకే వాటంలో, కాగితం మీద ఒక్క నూనె మరక కూడా లేకుండా సంతకాలు కనిపిస్తే, హ్యాంగర్‌లో చేతులు నల్లబడిన మనిషికి వెంటనే అనుమానం వస్తుంది: ఇవి పని చేస్తూ పెట్టిన సంతకాలు కావు, షిఫ్టు చివర కూర్చుని పెట్టినవి. చెక్‌లిస్టు పట్టుకుని వచ్చిన వ్యక్తి మాత్రం ఇరవై గళ్లూ నిండాయని టిక్కు పెట్టి వెళ్లిపోతాడు.

ఏరో_పట్టభద్రుడు

బీ1 గారూ, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కానీ మీ వాదనతో ఏకీభవించలేను. ఇన్‌స్పెక్టర్ చేసే పనిలో హ్యాంగర్ తనిఖీ ఒక భాగం మాత్రమే. మెయింటెనెన్స్ ప్రోగ్రామ్‌ను ఆమోదించడం, ఏ తనిఖీని ఎన్ని గంటలకోసారి చేయాలన్న గడువును పెంచమని ఎయిర్‌లైన్ అడిగినప్పుడు దానికి ఆధారాలున్నాయో లేదో తేల్చడం, మార్పులు చేర్పులకు సమ్మతి ఇవ్వడం, నిబంధనలు రూపొందించడం కూడా ఆ పనిలోవే. వీటికి కావలసింది గణాంకాలు, పదార్థ శాస్త్రం, చట్టం తెలిసిన బుర్ర.

2000 జనవరి 31న పసిఫిక్ సముద్రంలో కూలిన అలాస్కా ఎయిర్‌లైన్స్ 261 విమానాన్ని తీసుకోండి. అది ఎండీ-83 రకం. అందులోని 88 మందీ చనిపోయారు. తోక భాగంలోని స్టెబిలైజర్‌ను కదిలించే జాక్‌స్క్రూ అనే మరకడ్డీకి తగినంత గ్రీజు అందక, నట్టులోని మరలు అరిగి ఊడిపోయాయి. గ్రీజు వేసే గడువును ఎయిర్‌లైన్ అంచెలంచెలుగా పెంచుకుంటూ 1996 నాటికి ఎనిమిది నెలలకోసారికి తీసుకెళ్లింది. ఆ పొడిగింపునూ, దాన్ని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఆమోదించడాన్నీ ఆ దేశపు ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తప్పుపట్టింది. ఇక్కడ పొరపాటు జరిగింది కార్యాలయంలోని బల్ల దగ్గర. ఆ బల్ల దగ్గర కూర్చునే వ్యక్తి ‘ఈ పొడిగింపుకు సాంకేతిక ఆధారం చూపండి’ అని నిలదీయగలగాలి. అందుకు స్పానర్ పట్టిన అనుభవం అడ్డు కాకపోవచ్చు గానీ, అదొక్కటే అర్హత కాదు.

విశాఖ_మాజీ_నేవీ

నౌకాదళంలో విమానాల మెయింటెనెన్స్ చేసి విరమించినవాణ్ని. పట్టభద్రుడు గారు ఎత్తిన ఉదాహరణే తీసుకుంటాను, ఎందుకంటే అది ఆయన అనుకున్న దానికి ఎదురు సాక్ష్యం చెబుతోంది.

ఆ జాక్‌స్క్రూకు గ్రీజు వేయడానికి విమానం తోకలో ఉన్న తలుపు చాలా ఇరుకు. చెయ్యి లోపలికి పెడితే ఆ చెయ్యే చూపుకు అడ్డం వస్తుంది. గ్రీజు ఎక్కడ పడుతోందో కనబడదు, తడిమి తెలుసుకోవాల్సిందే. ఆ తలుపును పెద్దది చేసే విషయం దర్యాప్తు తర్వాతి సిఫారసుల్లోకి కూడా ఎక్కింది. ఇలాంటి చోట ఒక్కసారి సరిగా పడకపోతే ఎనిమిది నెలల గడువు కాస్తా పదహారు నెలలవుతుందని ఎవరికి తడుతుంది? ఆ ఇరుకులో చెయ్యి పెట్టి, కనబడని చోట గ్రీజు గన్ నొక్కినవాడికి. గడువు పొడిగించమని వచ్చిన కాగితాల్లో ఆ తలుపు కొలత ఉండదు.

ఇంకొకటి ఉంది. 1997 సెప్టెంబరులో ఓక్లాండ్‌లో ఆ విమానానికే పెద్ద తనిఖీ జరిగినప్పుడు, జాక్‌స్క్రూ అరుగుదల సరిగ్గా గరిష్ఠ పరిమితి దగ్గర, 0.040 అంగుళం ఉందని తేలింది. నట్టు మార్చాలని మొదటి షిఫ్టులో రాశారు. తర్వాతి షిఫ్టులో మళ్లీ కొలిస్తే 0.033 వచ్చింది, విమానాన్ని వదిలేశారు. మార్చాలని రాసిన వాక్యాన్ని కొట్టేసి, తిరిగి కొలిచి పంపించారంటే ఏ ఒత్తిడి పనిచేసి ఉంటుందో ఊహించడానికి, ఆ షిఫ్టు మార్పిడి వేళ హ్యాంగర్‌లో నిలబడి ఉండాలి.

డాలస్_ఏఅండ్‌పీ

అమెరికాలో ఎయిర్‌లైన్ మెకానిక్‌గా పనిచేస్తున్న తెలుగువాణ్ని. బీ1 గారు కోరుతున్న నిబంధన ఇక్కడ అమల్లోనే ఉంది. ఎఫ్‌ఏఏలో మెయింటెనెన్స్ విభాగపు ఇన్‌స్పెక్టర్ కావాలంటే ఎయిర్‌ఫ్రేమ్, పవర్‌ప్లాంట్ రేటింగులున్న మెకానిక్ సర్టిఫికెట్ ఉండాలి. ఎయిర్‌లైన్లను చూసే పోస్టుకు పెద్ద విమానాల మీద పనిచేసిన అనుభవమూ, ఇతరుల పనిని పర్యవేక్షించిన అనుభవమూ అడుగుతారు. అమెరికా పౌరసత్వం కూడా తప్పనిసరి కనుక హెచ్1బీ మీద ఉన్న తమ్ముళ్లు ఆ ఆశ పెట్టుకోవద్దు. ఎంపికయ్యాక ఓక్లహోమా సిటీలోని అకాడమీలో శిక్షణ ఇస్తారు.

అయితే ఒక్క మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. అలాస్కా పొడిగింపును ఆమోదించినదీ ఈ వ్యవస్థే. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ 243 పైకప్పు గాలిలో ఊడిపోయేదాకా ఆ లోహపు అలసటను ఎవరూ పట్టుకోలేదు. ఆ 737 అప్పటికి 89,680 సార్లు ఎగిరి దిగింది. అలాస్కా ప్రమాదానికి కొన్ని వారాల ముందే, తమకు సిబ్బంది చాలడం లేదని, ఆ ఎయిర్‌లైన్‌ను పర్యవేక్షించే ఎఫ్‌ఏఏ సియాటిల్ కార్యాలయం పైవారికి రాసింది. లైసెన్సు ఉన్న ఇన్‌స్పెక్టర్‌కైనా రోజుకు ఇరవై నాలుగు గంటలే కదా.

క్వాలిటీ_డెస్క్

నేను ఒక సంస్థ క్వాలిటీ విభాగంలో ఉన్నాను. తనిఖీ అధికారులను ఎదుర్కొనే పక్షం నాది. లైసెన్సు తప్పనిసరి చేయాలనే వారు రెండు విషయాలు ఆలోచించాలి.

మొదటిది, అనుభవం కళ్లు తెరిపిస్తుందన్నది ఎంత నిజమో, కొన్ని చోట్ల కళ్లు మూయిస్తుందన్నదీ అంతే నిజం. 1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం కాక్‌పిట్ అద్దం గాలిలో ఎగిరిపోయి, కెప్టెన్ సగం శరీరం బయటికి వేలాడింది, ఆయన బతికారు. ముందురోజు తెల్లవారుజామున ఆ అద్దం బిగించినది కొత్త కుర్రవాడు కాదు, అనుభవజ్ఞుడైన షిఫ్టు మేనేజరు. పాత బోల్టును పక్కన పెట్టుకుని కంటితో పోల్చి కొత్తవి ఎంచుకున్నాడు, పార్ట్స్ క్యాటలాగ్ తెరవలేదు. 90 బోల్టుల్లో 84 సన్నవి పడ్డాయి. ఇలా చేస్తే ఏమీ కాదన్న ధైర్యం అలవాటుగా ఉన్నవాడే రేపు ఇన్‌స్పెక్టరయి వస్తే, ఎదుటివాడి అదే అలవాటు అతని కంటికి తప్పుగా ఆనదు. నా అనుభవంలో నిర్దాక్షిణ్యంగా క్యాటలాగ్ నంబరు అడిగినవారిలో పట్టభద్రులు కూడా ఉన్నారు.

రెండోది, మనుషులు ఎక్కడ? 2025 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం డీజీసీఏలో మంజూరైన 1,063 పోస్టుల్లో 553 మాత్రమే నిండి ఉన్నాయి. 2014 జనవరిలో ఎఫ్‌ఏఏ మన దేశాన్ని, అంతర్జాతీయ భద్రతా ప్రమాణాలు అందుకోని దేశాలుండే రెండో కేటగిరీకి దించినప్పుడు చూపిన లోపాల్లో సాంకేతిక సిబ్బంది విషయం ముఖ్యమైనది. 2015 ఏప్రిల్‌లో గానీ మొదటి కేటగిరీ తిరిగి రాలేదు. టైప్ రేటింగ్ ఉన్న ఇంజినీరుకు ఎయిర్‌లైన్లూ గల్ఫ్ కంపెనీలూ ఇచ్చే జీతం ముందు ప్రభుత్వ జీతం నిలబడదు. అర్హత పెంచి జీతం పెంచకపోతే ఖాళీ కుర్చీలే తనిఖీ చేయాలి.

ఏరో_పట్టభద్రుడు

నేవీ గారు చెప్పిన ఇరుకు తలుపు సంగతి నన్ను ఆలోచింపజేసింది. ఆ జ్ఞానం అవసరమే. కానీ దాన్ని సంపాదించడానికి లైసెన్సు ఒక్కటే దారా? ఎంపికైన పట్టభద్రుణ్ని స్వతంత్రంగా తనిఖీకి పంపకముందు ఏడాది పాటు లైన్‌లోనూ (విమానాశ్రయంలో రోజువారీ పని), బేస్‌లోనూ (హ్యాంగర్‌లో పెద్ద తనిఖీలు) రాత్రి షిఫ్టుల్లో కూర్చోబెట్టండి.

విశాఖ_మాజీ_నేవీ

కూర్చోబెడితే చూడటం వస్తుంది, పట్టభద్రుడు గారూ. సంతకం భారం రాదు. తెల్లవారుజామున నాలుగింటికి ఒక లోపాన్ని ఎంఈఎల్ (ఏ లోపాలతో విమానం ఎగరవచ్చో చెప్పే జాబితా) కింద వాయిదా వేయాలా, విమానాన్ని ఆపాలా అన్న నిర్ణయం తన లైసెన్సు నంబరుతో తీసుకోవడం ఒకటి, పక్కన నిలబడి చూడటం ఇంకొకటి. ఆ జాబితాలోని సీ కేటగిరీ లోపానికి పది రోజుల గడువుంటే, దాన్ని పదో రోజున మూసి పదకొండో రోజున మళ్లీ కొత్త లోపంగా తెరిచే పద్ధతి పక్కన కూర్చున్న అతిథి ముందు ఎవరూ చేయరు.

శంషాబాద్_బీ1

క్వాలిటీ గారి రెండు అభ్యంతరాలకూ జవాబు చెప్పాలి. 5390 ఉదంతం నేర్పేది ఆ మేనేజరుకు అనుభవం ఎక్కువైందని కాదు, ఆ పనిని రెండో వ్యక్తి చూడలేదని. ఇన్‌స్పెక్టర్ అడగవలసిందీ సరిగ్గా ఆ ప్రశ్నే: ఈ పనికి రెండో సంతకం ఎవరిది, ఆ మనిషి ఆ వేళ నిజంగా డ్యూటీలో ఉన్నాడా? షిఫ్టు హాజరు పట్టీని టాస్క్ కార్డు పక్కన పెట్టి చూడాలన్న తెలివి హ్యాంగర్ నేర్పుతుంది.

జీతం విషయంలో ఆయన చెప్పింది కాదనలేను. అందుకే నా కోరికను ఇంకాస్త కచ్చితంగా చెబుతాను. డిజైన్ ఆమోదాలు, నిబంధనల రచన, గణాంకాల పరిశీలన చేసే పోస్టులు పట్టభద్రులకే ఉండనివ్వండి. సీఏఆర్-145 కింద ఆమోదం పొందిన మరమ్మతు సంస్థలనూ, లైన్ స్టేషన్లనూ తనిఖీ చేసి ఫైండింగ్ (కనబడిన లోపం) రాసే పోస్టులకు మాత్రం లైసెన్సు, దానితోపాటు కనీసం కొన్నేళ్లు స్వయంగా సీఆర్‌ఎస్ జారీ చేసిన అనుభవం పెట్టండి. తనిఖీకి గురయ్యే వారికన్నా తనిఖీ చేసేవారి అర్హత తక్కువ కాకూడదన్న ఐక్యరాజ్యసమితి పౌర విమానయాన సంస్థ ఐకావో మార్గదర్శకాల ఉద్దేశం కూడా ఇదే. గడువు పొడిగింపు దరఖాస్తు వస్తే ఈ ఇద్దరూ సంతకం చేయాలి. ఒకరు లెక్క చూస్తే, ఇంకొకరు తలుపు ఎంత ఇరుకో చూస్తారు. పాత యజమాని సంస్థను తనిఖీ చేసే పని కొన్నేళ్లపాటు ఆ అధికారికి అప్పగించకూడదు.

ఇక ఈ దారిలో రావాలనుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, లైసెన్సుతో ఆగిపోకుండా డిగ్రీ కూడా పూర్తి చేసుకోండి. ఇప్పటి నిబంధనల్లో అది లేకుంటే దరఖాస్తు దగ్గరే ఇబ్బంది వస్తుంది. లాగ్‌బుక్‌లో ‘ఇంజిన్ తనిఖీకి సహాయం’ అని ఒక్క ముక్కలో రాయకండి. ఏ విమానం, ఏ టాస్క్ నంబరు, మీరు స్వయంగా విప్పింది ఏది, కొలిచింది ఏది, సంతకం ఎవరు చేశారు అన్నవన్నీ ఆ రోజే రాసి, ఆ రోజే ధ్రువీకరింపజేసుకోండి.