క్రిస్మస్ క్యారల్స్‌కి హర్డీ గర్డీ, నికెల్‌హార్పా అవసరమా? పాట వినపడుతోందా, వాద్యం కనపడుతోందా?

పాటగూడు:
డిసెంబర్ రాగానే ఈ వీడియోలు మొదలు. ఒకరు చక్రం తిప్పుతూ హర్డీ గర్డీ మీద, ఇంకొకరు స్వీడన్ వాళ్ళ మీటల ఫిడేలు నికెల్‌హార్పా మీద, మరొకరు త్రికోణం ఆకారంలో ఉండే బోడ్ సాల్టరీ మీద, అందరూ వాయించేది మాత్రం ఆ నాలుగైదు క్యారల్సే. కింద కామెంట్లు చూడండి, "ఆ వాద్యం పేరేంటి", "ఎక్కడ దొరుకుతుంది", ఇంతే. పాట గురించి ఒక్క ముక్క ఉండదు. వింత వాద్యాన్ని చూపించుకోడానికి క్యారల్ ఒక సాకు అయిపోయింది అని నా అభిప్రాయం. కాదనేవాళ్ళు చెప్పండి.

చక్రవాద్యం:
కాదంటాను. హర్డీ గర్డీ వాయిస్తాను కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను. క్రిస్మస్ సంగీతానికీ ఆగకుండా మోగే శ్రుతికీ సంబంధం నిన్న మొన్నటిది కాదు. ఇటలీ స్వరకర్త కొరెల్లి రాసిన క్రిస్మస్ కాన్చెర్టో 1714లో అచ్చయింది, దాని చివర వచ్చే పాస్తొరాలె (కాపరుల సంగీతం పోకడలో ఉండే భాగం) వినండి, కింద స్వరం కదలకుండా నిలబడి ఉంటుంది. హాండెల్ రాసిన క్రీస్తు కథాగానం "మెస్సయ్య"లో గొర్రెల కాపరుల ఘట్టానికి ముందు "పీఫా" అనే చిన్న భాగం ఉంది, అదీ అంతే. కాపరుల తిత్తి వాద్యాల మోతని వయొలిన్లతో పలికించాలని వాళ్ళు పడిన పాటు అది. చక్రం తిరిగినంతసేపూ ఒకే స్వరం మోగించే శ్రుతి తీగలు ఉంటాయి కాబట్టి ఆ మోత నా వాద్యంలో పుట్టుకతోనే ఉంది. అలాంటిది పియానో మీద వాయిస్తే సహజం, దీని మీద వాయిస్తే సర్కస్ ఎలా అవుతుంది?

అంతెందుకు, "సైలెంట్ నైట్" 1818 డిసెంబర్ 24న ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్‌లో మొదటిసారి పాడినప్పుడు తోడున్నది ఆర్గన్ కాదు, గిటార్.

నిద్రపట్టనివాడు:
అప్పటికి గిటార్ ఏమీ అపురూపమైన వాద్యం కాదు కదండీ. ఆ ఉదాహరణ ఇక్కడ పనికిరాదు.

పాతతీగ:
నాకు ఒక్క విషయం తేలాలి. బోడ్ సాల్టరీ వీడియోల మీద "మధ్యయుగపు వాద్యం" అని రాస్తున్నారే, అది తప్పు. మధ్యయుగంలో ఉన్న సాల్టరీని వేళ్ళతోనో ఈకతోనో మీటేవాళ్ళు. కమాను పెట్టి వాయించే ఈ త్రికోణం 20వ శతాబ్దంలో జర్మనీలో రూపుదిద్దుకుంది. ఇది సరిచేయకుండా మిగతా చర్చ అనవసరం.

వింటానంతే:
ఎప్పటిదైతే ఏం, బాగుందా లేదా?

పాతతీగ:
బాగుండటం వేరు, అబద్ధం చెప్పి అమ్మడం వేరు. పాత వాద్యం అనేసరికి పాటకి లేని పవిత్రత వచ్చి పడుతోంది. పాటగూడు గారి ఫిర్యాదుకి మూలం ఇదే.

పాటగూడు:
నా ఫిర్యాదు అది కాదు. మా కోయర్‌లో జరిగింది చెప్తాను. "సైలెంట్ నైట్" బి ఫ్లాట్ కీలో, అంటే ఆ స్వరాన్ని "స"గా పెట్టుకుని, సాధన చేసుకున్నాం. కార్యక్రమం రోజు నిర్వాహకులు ఒక హర్డీ గర్డీ కళాకారుణ్ణి తీసుకొచ్చారు. ఆయన శ్రుతి తీగలు డిలో కట్టి ఉన్నాయట, ఇప్పుడు మారిస్తే నిలవవట, మీరే పైకి రండి అన్నారు. నాలుగు అరస్వరాలు! ఆ పాట చివర్లో పైకి ఎక్కే చోటు తెలుసుగా, బి ఫ్లాట్‌లో అయితే ఇ-ఫ్లాట్ అనే స్వరంతో సరిపోతుంది, డిలో అయితే జి దాకా వెళ్ళాలి. సగం మంది అక్కడ నోరు మూసేశారు, మిగతా సగం అరిచారు.

ఇంకోటి. పాటలో రెండో ముక్క "ని" దగ్గర ఆగుతుంది. ఆ "ని" కింద "స" గుయ్ మంటూనే ఉంది, పాడేవాళ్ళకి తాము అపస్వరంలో ఉన్నామేమో అన్న టెన్షన్. ప్రేక్షకులు మాత్రం చక్రం వీడియో తీసుకుంటున్నారు.

స్వరపేటిక:
"స" శ్రుతి మీద "ని" నిలబడితే ఒరిపిడి ఉంటుంది, నిజమే. తంబురా ముందు కూర్చున్న ప్రతివాళ్ళకీ అది రోజూ ఉండేదే. అదో అందం అండీ, తప్పు కాదు.

పాటగూడు:
ఒక్కరు పాడితే అందం. నాలుగు గొంతులు నాలుగు స్వరాలు పట్టుకుని, ఆ స్వరాల కలయిక (కార్డ్) మారిన చోటల్లా కలిసి మారేలా రాసిన పాటలో, మారని స్వరం ఒకటి మధ్యలో కూర్చుంటే అది అడ్డమే.

చక్రవాద్యం:
శ్రుతి తీగల్ని చక్రం మీంచి పక్కకి లాగి కొక్కేనికి తగిలిస్తే మోగవు. రెండు సెకన్ల పని. మీ దగ్గరికి వచ్చినాయన అది చేయలేదంటే ఆయన్ని అనండి, వాద్యాన్ని కాదు.

నిద్రపట్టనివాడు:
అవి ఆపేస్తే ఇక హర్డీ గర్డీ ఎందుకు? వయొలిన్ చాలదా? కాపరుల మోత, కొరెల్లి అని పైన మీరే అన్నారు.

చక్రవాద్యం:
మీకు ఎలా చెప్పినా తప్పే. సరే, నేనూ ఒకటి చెప్తాను. ఈ వాద్యాన్ని వేదిక మీదికి తేవడం అంటే ఏంటో తెలుసా? కొయ్య చక్రం అంచుకి రోజిన్ (తీగని పట్టుకునేందుకు రాసే చెట్టు బంక) రాయాలి, తీగ చక్రాన్ని తాకే చోట దూది చుట్టాలి, ఆ దూది పిసరంత ఎక్కువైతే గొంతు మూసుకుపోతుంది, తక్కువైతే గీరుతుంది, గాలిలో తేమ మారితే అంతా మొదటికి. అన్నీ సరిచూసుకుని ఒక క్రిస్మస్ కార్యక్రమానికి వెళ్ళాను. పోస్టర్ మీద నా ఫోటోనే. ముందు వరుసలో నిలబెట్టారు. పాట మొదలయ్యాక నా మైకు ఆపేసి కీబోర్డుతో నడిపించారు. నేను ఊరికే చక్రం తిప్పుతూ నిలబడ్డాను. వింత వస్తువుగా చూస్తున్నది మేమా, మీరా? పాడేవాళ్ళ దృష్టిలో వాయించేవాడు ఎప్పుడూ నౌకరే.

వింటానంతే:
అది మాత్రం అన్యాయం.

పాటగూడు:
నౌకరే అనుకోండి, అందులో అవమానం ఏముంది? క్యారల్ నోటి కోసం పుట్టింది. సంగీతం రానివాడు కూడా పక్కవాడి గొంతు పట్టుకుని పాడేయగలగాలి. వాద్యం గొంతు దగ్గరికి రావాలి గానీ గొంతు వాద్యం దగ్గరికి పోకూడదు.

చక్రవాద్యం:
ఇప్పుడు బయటపడింది. మీ గొడవ అరుదైన వాద్యాలతో కాదు. క్యారల్‌ని ఎవరైనా పాడకుండా కూర్చుని వినడమే మీకు ఇష్టం లేదు. సెల్లో మీద వాయించినా మీకు ఇదే బాధ.

పాటగూడు:
అవును, ఇదే బాధ. కాకపోతే సెల్లో ఏ కీకైనా వస్తుంది.

మీటలమ్మ:
ఇద్దరికీ ఒక మాట. సాల్మొడికాన్ అని ఒంటి తీగ వాద్యం ఉంది. 19వ శతాబ్దం తొలి భాగంలో స్వీడన్, నార్వేల్లో ఆర్గన్ లేని చర్చిల్లో కీర్తనలు నేర్పడానికి బాగా వాడారు. వేలిపలక మీద అంకెలు, పుస్తకంలోనూ అంకెలే, చూసి కమాను లాగడమే. ఇంతకంటే అరుదైన తీగ వాద్యం ఇప్పుడు ఏది? అయినా పాడించడానికే పుట్టింది. నేను దాని మీద "సైలెంట్ నైట్" వాయిస్తే పక్కన ఉన్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే అందుకుంటారు.

పాటగూడు:
అదే నేను చెప్పేది.

చక్రవాద్యం:
కాదు, అదే నేను చెప్పేది! అరుదైనది కాబట్టి పాటని పాడుచేస్తుంది అన్న మీ మొదటి మాట ఆవిడ ఒక్క దెబ్బతో పడగొట్టారు. ఇక వినే సంగీతం సంగతి. ఉక్రెయిన్ స్వరకర్త లియొంటోవిచ్ బృందగానం ఉంది, 1916లో మొదటిసారి పాడారు, ఇంగ్లీషులో "క్యారల్ ఆఫ్ ది బెల్స్". దాన్ని హ్యామర్డ్ డల్సిమర్ మీద విన్నారా? చిన్న సుత్తెలతో ఆ నాలుగు స్వరాల ముక్క కొడుతూ పోతుంటే, మామూలుగా తీగల్ని ఆపే ఏర్పాటు ఉండదు కాబట్టి వెనకటి స్వరం మోగుతుండగానే ముందుది వచ్చి కలుస్తుంది, నిజంగా గంటలే. ఏ కోయర్‌కీ ఆ శబ్దం రాదు.

పాటగూడు:
ఆయన రాసింది కోయర్‌కే.

చక్రవాద్యం:
రాసింది మీకే, కాదనను. నేను అడిగేది ఒక్కటే. "సైలెంట్ నైట్" ఇంగ్లీషులో మామూలుగా మూడు చరణాలు పాడతారు. మొదటిదీ చివరిదీ మీ కీలో, శ్రుతి తీగలు పక్కన పెట్టి, మీ వెనకే వాయిస్తాను. నడిమి చరణం నాకు వదలండి. అందరూ వినండి.

మీటలమ్మ:
ఇది బాగుంది కదా పాటగూడు గారూ.

పాటగూడు:
బాగుండొచ్చు. కానీ మొదటి చరణంలో జనం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, గొంతు విప్పేది రెండో దాంట్లోనే. ఏళ్ళ తరబడి ముందు నిలబడి చూస్తున్నాను. కావాలంటే పాటకి ముందు ఎంతసేపైనా వాయించండి, మైకు నేనే పట్టుకుంటాను. నడిమి చరణం మాత్రం ఇవ్వను.