కరవాజ్జో ‘మత్తయి పిలుపు’లో మత్తయి ఎవరు? గడ్డపాయనా, తలవంచుకున్న కుర్రాడా?

తైలవర్ణం: రోములో శాన్ లూయిజి దెయి ఫ్రాంచేజి చర్చి, కాంటరెల్లీ చాపెల్ (చర్చి లోపలి చిన్న ప్రార్థనాగది) ఎడమ గోడ మీద ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో గీసిన బొమ్మ ఇది. 1599–1600 నాటిది, 322 × 340 సెం.మీ. సుంకపు మెట్టు దగ్గర బల్ల చుట్టూ అయిదుగురు. కుడివైపు నుంచి యేసు చెయ్యి చాచి, సుంకం వసూలు చేసే మత్తయిని తన వెంట రమ్మని పిలుస్తున్నారు, పక్కన శిష్యుడు పేతురు. నా లెక్కలో మత్తయి ఎడమ చివరి కుర్రాడే. గడ్డపాయన వేలు తన రొమ్మును తాకదు, కుర్రాడి వైపు వాలి ఉంటుంది. ఆయన కుడిచెయ్యి నాణేల దగ్గరుంది. అంటే డబ్బు కట్టేది ఆయన, లెక్కపెట్టుకునేది కుర్రాడు.

రంగు_రేఖ: ఒప్పుకోను. ఎవరినైనా కూర్చోబెట్టి “నేనా?” అన్నట్టు వేలు చూపించుకోమని, కాస్త పక్కనుంచి ఫొటో తీయండి. వేలు పొట్టిగా, పక్కవాడి మీదికి పోతున్నట్టే కనిపిస్తుంది. చిత్రకారుడు ఆ కురచదనాన్నే గీశాడు. పైగా 1672లో, చిత్రకారుల జీవితాలు రాసిన బెల్లోరి స్పష్టంగా రాశాడు: నాణేలు లెక్కపెట్టడం ఆపి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని ప్రభువు వైపు తిరిగినవాడే మత్తయి అని. కుర్రాడు లెక్క ఆపనూ లేదు, తల ఎత్తనూ లేదు. అదే చాపెల్‌లో బలిపీఠం మీది బొమ్మలోనూ, ఎదుటి గోడ మీది మత్తయి హత్య బొమ్మలోనూ మత్తయి గడ్డం ఉన్న పెద్దాయనే. కుర్రాడి వాదం బలపడింది 1980ల నుంచే.

తైలవర్ణం: పాత వాదమైతే సరైనదని కాదు గదండీ. చాపెల్ ముందరి కటకటాల దగ్గర నిలబడి చూడండి. ఎడమ గోడ బొమ్మ ఏటవాలుగా కనిపిస్తుంది, కుర్రాడు మనకు అందరికంటే దగ్గర. వెడల్పు కుదించుకుపోయి వేలికీ కుర్రాడికీ మధ్య దూరం ఇంకా తగ్గుతుంది. ఎదురుగా తీసిన ఫొటోలో ఇది తెలియదు.

గచ్చుగోడ: వెలుగు సంగతి ఇద్దరూ వదిలేశారు. బొమ్మలోని కిటికీ నుంచి వెలుగు రాదు. కుడివైపు పైనుంచి వస్తుంది, అంటే బలిపీఠం పైనున్న అసలు కిటికీ వైపు నుంచే. యేసు తలమీదుగా వాలి గడ్డపాయన ముఖం మీద నేరుగా పడుతుంది, కుర్రాడిది వంచిన ముఖం. యేసు చెయ్యి సిస్టీన్ చాపెల్ పైకప్పులో మైకెలాంజెలో గీసిన ఆదాము చేతిని పోలి మెత్తగా వాలి ఉంటుంది, వేలు ఒక్కరినే గురిపెట్టదు. పేతురును తర్వాత చేర్చాడని ఎక్స్‌రేలో తేలింది.

తైలవర్ణం: మరి ఈ చాపెల్‌కు సొమ్మిచ్చిన కార్డినల్ కాంటరెల్లీ బొమ్మ ఎలా ఉండాలో రాయించిన షరతు? మత్తయి లేచి ప్రభువు దగ్గరికి రావాలని ఉంది. ఇక్కడ ఎవరూ లేవలేదు.

రంగు_రేఖ: యేసు పాదాలు చూడండి, అప్పటికే బయటికి తిరిగాయి. మత్తయి 9:9లో “నన్ను వెంబడించుమని” అన్నాక “అతడు లేచి” అని ఉంది. ఆ రెంటికీ మధ్య క్షణం ఇది. అందుకే ఎవరూ లేవలేదు. ఇంకొకటి: రోములో ఉండి వచ్చిన డచ్ చిత్రకారుడు టెర్‌బ్రుగెన్ 1621లో ఇదే సన్నివేశం గీశాడు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఉందా బొమ్మ. అందులో తనవైపు వేలు చూపించుకునేది గడ్డపాయనే.